నాలుగున్నర జానలు

పుణ్యవతి గారు టేపు వాడరు. కూతురు జయంతి కొనిచ్చినవి ఇంట్లో మూడున్నాయి, మూడూ బిస్కెట్ల డబ్బాలో చుట్టచుట్టుకుని పడి ఉంటాయి. ఆవిడకు కొలతంటే చెయ్యే. బొటనవేలి కొస నుంచి చిటికెనవేలి కొస దాకా చాపితే జాన. నాలుగు వేళ్ళు దగ్గరగా పెడితే బెత్తెడు. అరవై నాలుగేళ్ళు వచ్చినా ఆ చెయ్యి ఒక్కసారి కూడా తప్పు చెప్పలేదని ఆవిడకు మహా గర్వం. పనితనం ఉన్న మనిషికి ఆ మాత్రం గర్వం ఉంటే తప్పులేదు. కాకపోతే గర్వానికి ఒక జబ్బుంది, అది వెళ్ళి ఎదుటివాళ్ళ మీద పడుతుంది.

ఆ లెక్క ఆవిడకు పుస్తకంలో దొరికింది కాదు. భర్త సుబ్రహ్మణ్యం గారు రైల్వేలో స్టేషన్ మాస్టరు. పెళ్ళయిన కొత్తలో ఆయన్ని అరకు పైన, గూడ్సు బళ్ళు తప్ప మనిషి అలికిడి లేని ఒక స్టేషనులో ఆరేళ్ళు ఉంచారు. కాకినాడలో పుట్టి పెరిగిన ఈవిడ స్వెట్టరన్నది అంతవరకూ ఒంటిమీద వేసుకుని ఎరగరు. అక్కడ డిసెంబరు వస్తే కొబ్బరినూనె సీసాలో రాయి అయి కూర్చునేది. పక్కనే గిరిజన పిల్లల హాస్టలు ఉండేది, అందులో నర్సమ్మ ఈవిడకు అల్లిక నేర్పింది. కొత్త ఊలు కొనే దిక్కు లేదు. ఎవరో పంపిన పాత స్వెట్టర్లు విప్పి మళ్ళీ అల్లాలి. ఒకటి నులక తాడంత లావు, ఒకటి దారమంత సన్నం. వేసుకునే పిల్లలు అయిదేళ్ళ వాళ్ళ నుంచి పదిహేనేళ్ళ వాళ్ళ దాకా. నర్సమ్మ దగ్గరున్న పుస్తకం చూస్తే 'ఫలానా నంబరు ఊలు, ఫలానా సూదులు, నూట ఇరవై కుట్లు' అని రాసి ఉండేది. ఆ ఊలూ లేదు, ఆ సూదులూ లేవు, ఇక ఆ నూట ఇరవై ఏం చేసుకోను?

అందుకని తనే ఒక లెక్క కట్టుకున్నారు. ఉన్న ఊలుతో ఉన్న సూదులతో ముందుగా జానెడు వెడల్పున ఒక ముక్క అల్లాలి. జానకు ఎన్ని కుట్లు పట్టాయో చూసుకోవాలి. మనిషి ఛాతీ ఎన్ని జానలుందో కొలిచి, రెండూ హెచ్చవేస్తే ఒంటికి కావలసిన కుట్లు వచ్చేస్తాయి. మెడకూ చేతులకూ అందులోంచే వంతులు. ఊలు లావైతే కుట్లు తగ్గుతాయి, మనిషి లావైతే జానలు పెరుగుతాయి, లెక్క మాత్రం మారదు. ఆ ఒక్క లెక్కతో హాస్టలు పిల్లలకే ఎన్ని అల్లారో ఆవిడకే గుర్తులేదు.

ఇప్పుడు కోకాపేటలో కూతురింట్లో, ఇరవై ఆరో అంతస్తులో ఉంటున్నారు. హైదరాబాదులో స్వెట్టర్ల గొడవేమిటంటారా? హైటెక్ సిటీ ఆఫీసుల్లో ఏసీ గాలి నెత్తిన పడే కుర్చీలో రోజంతా కూర్చునేవాళ్ళని అడగండి. ఏప్రిల్ ఎండలో కూడా ముక్కులు తుడుచుకుంటూ చెబుతారు. అందుకే రోజూ మధ్యాహ్నం మూడింటికి కింద క్లబ్ హౌసులో పదిమంది ఆడవాళ్ళు పుణ్యవతి గారి చుట్టూ చేరి అల్లిక నేర్చుకుంటున్నారు. ఎవరి మొగుడికి, ఎవరి పిల్లలకు వాళ్ళే కొలుచుకుని వాళ్ళే అల్లుకుంటారు. ఆ గుంపుకు ఆవిడ పెట్టిన కట్టుబాటు ఒకటుంది: ఎవరి కోసం అల్లినా మిగిలిన ఊలు అల్లినవాళ్ళదే. మిగిలేది ఎప్పుడూ గుప్పెడే గనక దాని మీద ఎవరికీ పేచీ లేదు.

ఈ గుంపులోకి రత్నమ్మ చేరడం ఒక విచిత్రం. పాలమూరు నుంచి వచ్చిన మనిషి, భర్త పోయాడు, బుజ్జి అని అయిదో తరగతి చదివే కూతురుంది. ఈ టవర్లలో ఎనిమిది ఇళ్ళకు పని చేస్తుంది, అందులో జయంతి ఇల్లొకటి. ఇంటికీ ఇంటికీ మధ్య ఖాళీ దొరికితే క్లబ్ హౌసులో కుర్చీల వెనక నిలబడి చూసేది. ఒకరోజు పుణ్యవతి గారి సూది మీంచి జారిన కుట్టును, అడగకుండానే వంగి, వేలితో పైకి లాగి పెట్టింది. ఆ వేలు చూసి ఆవిడ ముచ్చటపడిపోయారు. చదువు లేదు గనక హెచ్చవేతలు రావు. అయితేనేం? జానెడు ముక్కకు పట్టినన్ని కుట్లు సూది మీద వేసి ఎర్ర దారంతో గుర్తు కట్టుకో, మళ్ళీ అన్ని వేసి మళ్ళీ గుర్తు కట్టుకో అని నేర్పారు. ఆరు నెలల్లో అపార్టుమెంటు ఆడవాళ్ళందరి కంటే నున్నగా అల్లింది రత్నమ్మే.

నవంబరులో పన్నెండో అంతస్తు కావ్య ఎనిమిది ఉండల ఊలు పట్టుకొచ్చింది. కడప అమ్మాయి, ఆఫీసులో ఒక టీముకు పెద్ద. పని మీద విదేశం వెళ్ళినప్పుడు కొన్నదట, నెమలికంఠం రంగు, చెంపకు ఆనించుకుంటే పిల్లి బొచ్చులా ఉంది. పుణ్యవతి గారికి మణికట్టు నొప్పి. "రత్నమ్మ అల్లుతుందమ్మా, నాకంటే బాగా అల్లుతుంది" అన్నారు. కావ్య సరేనంది గాని, కొలత తీయడానికి రత్నమ్మ ముందుకు రాగానే ఒక అడుగు వెనక్కి వేసింది. "కొలతలు మీరే తీసుకోండాంటీ." రత్నమ్మ చేతులు కొంగుకు తుడుచుకుని పక్కకు జరిగింది. పుణ్యవతి గారే కొలిచి చెప్పారు. ఛాతీ నాలుగున్నర జానలు, చెయ్యి రెండు జానలు. రత్నమ్మ రెండుసార్లు పైకి అనుకుని బుర్రలో పెట్టుకుంది.

జనవరిలో రెండో శనివారం పొద్దున కావ్య ఆ స్వెట్టరు వేసుకుని చూసింది. ఛాతీ దగ్గర పట్టేసింది, చేతులు మణికట్టుకు పైనే ఆగిపోయాయి, నడుము పైకి లేచిపోయింది. అలాగే కిందికి దిగేసరికి, బడి సెలవని బుజ్జిని వెంటబెట్టుకుని రత్నమ్మ గేటు దాటి వస్తోంది. బుజ్జి తలమీద టోపీ ఉంది. నెమలికంఠం రంగు టోపీ, చెవులు మూసేటంత నిండు టోపీ.

ఇక చెప్పేదేముంది! రెండు ఫొటోలు పక్కపక్కన పెట్టి కావ్య అపార్టుమెంటు గ్రూపులో వేసింది. నిప్పు లేనిదే పొగ రాదన్నారొకరు. వాళ్ళింట్లో కూడా పంచదార త్వరగా అయిపోతోందని ఇంకొకరికి గుర్తొచ్చింది. సెక్రటరీ ఉదయ్ భాస్కర్ గేటుకు ఫోన్ చేశాడు. వాచ్‌మన్ రామచంద్రం రత్నమ్మను గేటు దగ్గరికి పిలిపించి, ఆ పిల్ల నెత్తిమీద టోపీ తీసి సంచిలో పెట్టుకున్నాడు. రత్నమ్మ గేటు పాసును ఫోనులో ఆపేశారు. ఆదివారం పది గంటలకు కమిటీ కూర్చుంటుంది, దొంగతనమని తేలితే గేటు యాప్‌లో పేరు పక్కన ఎర్ర గుర్తు పడుతుంది. ఆ గుర్తు ఈ టవర్లతో ఆగదు. కోకాపేటలో ఏ గేటు దగ్గర పేరు కొట్టినా కనిపిస్తుంది. ఎనిమిది ఇళ్ళూ ఒక్క దెబ్బతో పోతాయి, తొమ్మిదో ఇల్లు దొరకదు.

ఉదయ్ భాస్కర్ పుణ్యవతి గారికి ఫోన్ చేసి మర్యాదగానే అడిగాడు. "కొలత మీరు తీశారట కదండీ. ఆ లెక్కలో ఏమైనా పొరపాటు జరిగే అవకాశం ఉందాండీ?"

"నా లెక్కలోనా? నలభై ఏళ్ళలో ఒక్కసారి తప్పలేదండీ" అన్నారావిడ.

ఆ ఒక్క మాటతో రత్నమ్మ మెడకు ఉరి బిగిసింది. ఆవిడకు ఆ సంగతి తట్టలేదు సరికదా, ఒళ్ళు మండిపోతోంది కూడా. నేర్పింది నేను, నమ్మింది నేను, నలుగురిలో తల దించుకున్నదీ నేనే అని మధ్యాహ్నమంతా సణుగుతూనే ఉన్నారు. రామచంద్రం టోపీ పైకి పంపించాడు. కావ్యకు మళ్ళీ అల్లి ఇవ్వాలంటే ఆ ఊలూ కావాలి. పుణ్యవతి గారు టోపీ ఒళ్ళో పెట్టుకుని, కొస వెతికి పట్టుకుని, కసిగా లాగారు. నిమిషాల్లో టోపీ కాస్తా ఉండయిపోయింది.

తర్వాత, రత్నమ్మ ఇచ్చిన సంచితో సహా కావ్య తిప్పి పంపిన స్వెట్టరు తీసి నేల మీద పరిచి కుట్లు లెక్కపెట్టారు. నూట అరవై రెండు. దాని మీద చెయ్యి చాపి చూస్తే తన జానకు నలభై కుట్లు పట్టాయి, నాలుగున్నర జానలకు నూట ఎనభై రావాలి. పద్దెనిమిది కుట్లు తక్కువ. చూశావా, కావాలనే తగ్గించింది అనుకున్నారు. సంచిలో ఇంకా ఏముందోనని దులిపితే రత్నమ్మ అల్లిన జానెడు ముక్క కింద పడింది. ముప్పై ఆరు కుట్లు. దాని మీద తన చెయ్యి చాపి పెట్టారు. చిటికెనవేలు ముక్క దాటి బయటికొచ్చింది.

ముక్కలో కూడా దొంగతనమా అని ఒక్క క్షణం అనిపించింది. జానెడు ముక్క తగ్గించి అల్లితే దానికి ఒరిగేదేముంది? మళ్ళీ పెట్టి చూశారు. మళ్ళీ వేలు బయటికే. అప్పుడు తట్టింది. రత్నమ్మ పొట్టి మనిషి. ఆ చెయ్యి ఎంతుంటుంది? దాని జాన దానిది. ముక్కను దాని చేత్తో కొలుచుకుంది, కావ్యను మాత్రం నేను నా చేత్తో కొలిచి నాలుగున్నర అని చెప్పాను. కొలిచిన చెయ్యీ అల్లిన చెయ్యీ ఒకటే అయితేనే ఈ లెక్క నిలబడుతుంది. అంత సంగతీ ఇన్నేళ్ళుగా ఆవిడ ఎవరికీ చెప్పలేదు, ఎందుకంటే ఆవిడకే తెలియదు. ప్రతి జానకూ నాలుగు కుట్లు, వెడల్పులో తగ్గి, పొడుగులో తగ్గి, చేతుల్లో తగ్గి, చివరికి ఒక ఉండ పైన మిగిలింది. మిగిలింది అల్లినవాళ్ళదే అన్నది ఎవరు? తనే.

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, పుణ్యవతి గారు ఒళ్ళోని ఉండ వంక చూస్తూ ఉండిపోయారు.

జయంతి విని తల పట్టుకుంది. "అమ్మా, నీ అనుమానం నిజమో కాదో కూడా తెలీదు. రేపు మీటింగులో నోరెత్తకు. నేను సెక్రటరీతో మాట్లాడతాను, వార్నింగ్ ఇచ్చి వదిలేస్తారు."

"వార్నింగ్ అంటే దొంగేనని గదే?"

"మరి నువ్వు పొద్దున అలా చెప్పి ఇప్పుడు ఇలా చెబితే నిన్నేమంటారు?"

నిజం చెప్పాలంటే, జయంతి మాట వినేస్తే ఎంత హాయిగా ఉంటుందో అని ఆవిడకూ అనిపించింది. మీటింగుకు వెళ్ళకుండా మణికట్టు నొప్పని పడుకుంటే ఎవరూ అడగరు. తన లెక్క తనకుంటుంది, క్లబ్ హౌసులో తన కుర్చీ తనకుంటుంది. ఆ ఆలోచన వచ్చినందుకు సిగ్గేసింది, సిగ్గేసినా ఆలోచన పోలేదు.

ఆదివారం తొమ్మిదిన్నరకు కిందికి దిగారు. గేటు అవతల, రోడ్డు పక్కన రత్నమ్మ నిలబడి ఉంది. మీటింగుకు పిలిచిందీ వాళ్ళే, పాసు లేదని లోపలికి రానివ్వనిదీ వాళ్ళే. పుణ్యవతి గారు గేటు దాటి ఆమె ఎదురుగా నిలబడ్డారు.

"నేను దొంగతనం జెయ్యలే అమ్మా. మీరు జెప్పినట్టే జేసిన. జానకు జాన గుర్తు కట్టిన. మిగిలినది అల్లినోళ్లదే అని మీరే అంటిరి గద. గంత మిగిలిందేంది అని నాకు గూడ అనిపిచ్చింది. మీ లెక్క గద, తప్పుంటదా అనుకున్న."

"చెయ్యి చాపు."

"ఏందమ్మా?"

"చెయ్యి చాపవే, తల్లీ."

రత్నమ్మ భయంభయంగా చాపింది. పుణ్యవతి గారు తన అరచెయ్యి దానికి ఆనించారు. అంట్ల సబ్బుకు తోలు రేగిన ఆ చిన్న చేతి మీదుగా తన వేళ్ళు పైకి వచ్చాయి. ఒక్కొక్క వేలూ ఒక్కొక్క కణుపు దాకా పైకి. రత్నమ్మ రెండు చేతుల వంకా చూసింది, ముక్కు ఎగబీల్చింది. అర్థమైపోయింది. ఏడుస్తుందేమో అనుకున్నారు గాని ఏడవలేదు.

"గీ మాట లోపట జెప్తరా అమ్మా?" అని మాత్రం అడిగింది.

క్లబ్ హౌసులో పొడుగాటి బల్ల చుట్టూ ఉదయ్ భాస్కర్, కావ్య, ఇంకో అరడజను మంది కూర్చుని ఉన్నారు. జయంతి గుమ్మం దగ్గరే నిలబడిపోయింది. పుణ్యవతి గారు కూర్చోలేదు. తప్పు నాదని ముందే అనేశారు, ఆలస్యమైతే ధైర్యం జారిపోతుందని.

"ఆమె మీద జాలితో చెబుతున్నారేమోనండీ" అన్నాడు ఉదయ్ భాస్కర్.

"జాలి లేదు, గీలి లేదు. ఈ బల్ల ఎన్ని జానలుందో కొలవండి."

"ఇప్పుడు అదెందుకండీ?"

"కొలవండి సెక్రటరీ గారూ."

ఆయన నవ్వు ఆపుకుంటూ కొలిచాడు. ఏడు. పుణ్యవతి గారు కొలిచారు, ఎనిమిది. "నువ్వమ్మా" అన్నారు కావ్యతో. కావ్య కదల్లేదు. అందరూ తనవంకే చూస్తుంటే లేచి, ఒక్కొక్క జానే వేస్తూ బల్ల చివరికి వెళ్ళింది. తొమ్మిది. కొసన వేలు ఆనించి అలాగే నిలబడిపోయింది.

"ఒకే బల్ల. మన ముగ్గురిలో దొంగెవరు?" అన్నారు పుణ్యవతి గారు. కావ్య వైపు తిరిగారు. "నిన్ను నా చేత్తో కొలిచాను, స్వెట్టరు దాని చేత్తో అల్లించాను. దాన్ని కొలవనిచ్చి ఉంటే సరిగ్గా వచ్చేది."

కావ్య ముఖం ఎర్రబడింది. తను వెనక్కి వేసిన అడుగు గుర్తొచ్చిందో ఏమో. మెల్లగా అడిగింది. "మరి నిన్న ఎందుకలా చెప్పారాంటీ? తప్పే జరగదన్నారు కదా. మీ మాట మీదే గదా మేమంతా డిసైడ్ అయింది."

ఆ ప్రశ్న న్యాయమైనదే. "నా లెక్క తప్పనుకోవడం కంటే అది దొంగనుకోవడం నాకు తేలికయింది" అన్నారావిడ. ఉదయ్ భాస్కర్ ఫోను తీసి రత్నమ్మ పాసు మళ్ళీ తెరిచాడు. గ్రూపులో సారీ అని పెడతానని కావ్య అంది, పెట్టింది కూడా. ఊలు సంగతి తర్వాత చూసుకుందామంది.

అంతటితో అయిపోయిందనే అనుకున్నారు పుణ్యవతి గారు. తేలికపడి గేటు దగ్గరికి వెళ్ళి చెబితే రత్నమ్మ దండం పెట్టింది, కాని కదల్లేదు.

"అందరి ముందర జెప్పిన్రు, మంచిదమ్మా. నా బిడ్డకు గూడ జెప్పున్రి. నిన్నటి సంది నాతోని మాట్లాడతలేదు. అమ్మ నిజంగనే తీసిందా అని ఒక్కపారి అడిగింది, ఇగ అంతే."

సాయంత్రం అయిదింటికి పుణ్యవతి గారు వెంట వెళ్ళారు. టవర్ల వెనక, రేకుల గదుల వరసలో కిరాయికి తీసుకున్న ఒంటి గది. బుజ్జి గోడవైపు తిరిగి కూర్చుని ఉంది. కమిటీ ముందు కూడా రానంత భయం ఆవిడకు ఇక్కడ వచ్చింది. నేల మీద చతికిలబడి, పిల్ల చెయ్యి తీసుకుని తన చేతిలో పెట్టుకుని, కొలతంతా మొదటినుంచీ చెప్పారు. బుజ్జి శ్రద్ధగా వింది. అమ్మ చెయ్యీ ఆవిడ చెయ్యీ ఆనించి తనూ చూసుకుంది.

"మరి నా టోపీ?" అంది.

"విప్పేశానమ్మా."

"ఎప్పుడు?"

"నిన్న."

"మీటింగు గాకముందే విప్పినవా?"

పుణ్యవతి గారు అవునని తల ఊపారు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి, పిల్ల ముందు తుడుచుకోవడానికి కూడా మొహం చెల్లలేదు. ఇంకో టోపీ అల్లి ఇస్తానని అనబోయి, అంత తేలిగ్గా తీరేది కాదని మానుకున్నారు.

బుజ్జి ఇంకొకటి అడిగింది. "గేటు కాడ తాతకు జెప్పినవా?"

"ఏ తాతకి?"

"టోపీ తీసిన తాతకు. అందరు జూస్తుండంగ తీసిండు."

చెప్పలేదు. అతనికి చెప్పాలన్న ఆలోచనే రాలేదు. పుణ్యవతి గారు గోడ పట్టుకుని లేచారు, బుజ్జి చెయ్యి పట్టుకున్నారు. రత్నమ్మ "పోనియ్యి బిడ్డా" అంటూనే వెనక నడిచింది.

ఆదివారం సాయంత్రం గేటు దగ్గర సందడి ఎలా ఉంటుందో తెలిసిందే. సామాన్లు తెచ్చిన బళ్ళు, బయటినుంచి తిరిగొచ్చే కార్లు, పేర్లు అడిగి రాసుకుంటూ రామచంద్రం. పుణ్యవతి గారు సరిగ్గా కార్లు ఆగేచోట అతని ఎదురుగా నిలబడ్డారు.

"రామచంద్రం, రత్నమ్మ దొంగ కాదు. కొలత తప్పు చెప్పింది నేను. ఈ పిల్ల టోపీ నా మూలాన పోయింది."

రామచంద్రం తికమకపడ్డాడు. "నాకెందుకమ్మా జెప్తున్నరు? పాస్ వచ్చింది, ఆమెను లోపటికి పంపుతున్న గద."

"నువ్వే తీసినవ్ గద. నీకే జెప్పాలె" అంది బుజ్జి.

అతను పిల్ల వంక చూసి, తన తలమీది టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు. వెనక ఆగిన కారువాడు హారను కొట్టాడు. పుణ్యవతి గారు కదల్లేదు. వెనక్కి తిరిగి, అద్దం దించమని సైగ చేసి, ఆయనకు కూడా మొదటినుంచీ చెప్పడం మొదలుపెట్టారు.